విదేశవిద్యకు ప్రభుత్వ ఉపకారవేతనాలు: కట్టమంచి నుంచి ఎలమంచిలి దాకా

ఉపోద్ఘాతం

పూర్వం రాజులు పండితులకు అగ్రహారాలు ఇచ్చారు, కవులకు కనకాభిషేకాలు చేశారు. అవన్నీ అప్పటికే పండిన విద్యకు దక్కిన సత్కారాలు. ఉపకారవేతనం అలాంటిది కాదు. ఇంకా పూర్తికాని విద్య మీద, భవిష్యత్తులో దాని వల్ల కలిగే ప్రయోజనం మీద నమ్మకంతో ముందుగా పెట్టే ఖర్చు అది. ఆ ఖర్చు ప్రభుత్వానిది అయినప్పుడు, విద్యార్థిని దేశాంతరం పంపేటప్పుడు, ఎవరిని పంపాలి, ఏ విషయం చదవడానికి పంపాలి అనే రెండు ప్రశ్నలు తప్పవు. వాటికి ప్రభుత్వం ఇచ్చే జవాబులో దేశానికి ఏ జ్ఞానం అవసరమని అది భావిస్తున్నదో తెలుస్తుంది.

ఈ రెండు ప్రశ్నలకు 1868 నుంచి ఇటీవలి కాలం వరకు వచ్చిన జవాబులను తెలుగు ప్రాంత అనుభవం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. మొదటి ప్రశ్నకు జవాబు కాలక్రమంలో విస్తరించింది. కొద్దిమంది సంపన్నుల పిల్లలకు పరిమితమైన అవకాశం దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పిల్లల దాకా వచ్చింది. రెండో ప్రశ్నకు జవాబు మాత్రం, ముఖ్యంగా భాషా సాహిత్య చరిత్రల విషయంలో, అదే దామాషాలో విస్తరించలేదు. పైగా ఒక దశలో కుదించుకుపోయింది. ఈ రెండింటి మధ్య పెరిగిన అంతరమే ఇక్కడి చర్చనీయాంశం.

ఈ చర్చకు అనకాపల్లి జిల్లాలోని ఎలమంచిలిని నిదర్శనస్థలంగా తీసుకోవడానికి కారణం ఉంది. విశాఖపట్నానికి నైరుతి దిశలో సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, మద్రాసు–హౌరా రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరు తూర్పు చాళుక్యుల శాఖ ఒకదానికి రాజధాని. సమీపంలోని పంచదార్ల ఆలయ స్తంభాల మీద ఆ వంశీయుల శాసనాలు ఉన్నాయి. గురజాడ అప్పారావు 1862లో జన్మించిన ఎస్. రాయవరం కూడా ఈ పరిసరాల్లోదే. నేడు ఇదే ప్రాంతంలో అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి, పరవాడ ఔషధ పరిశ్రమలు, మరికొంత దూరంలో ఉక్కు కర్మాగారం ఉన్నాయి. చరిత్ర, సాహిత్యం, పరిశ్రమ ఒకేచోట కలిసిన ఈ ప్రాంతపు విద్యార్థికి ప్రభుత్వం ఏ తలుపు తెరుస్తుంది, ఏ తలుపు మూస్తుంది అన్నది పరిశీలించదగిన విషయం.

సీమ చదువు: తొలి ఉపకారవేతనాలు

భారతీయ విద్యార్థులను ప్రభుత్వ వ్యయంతో ఇంగ్లండుకు పంపే ఏర్పాటు 1868లో, లారెన్స్ గవర్నర్ జనరల్‌గా ఉన్న కాలంలో మొదలైంది. ఏటా 200 పౌండ్ల చొప్పున 9 ఉపకారవేతనాలు ప్రకటించారు. కొద్ది కాలానికే ఆ పథకాన్ని నిలిపివేశారు. భారతీయులు ఇంగ్లండు వెళ్లి సివిల్ సర్వీసు పరీక్షల్లో పోటీపడే అవకాశం పెరగాలని కోరినవారికి ఇది ఆశాభంగం కలిగించింది. 1886లో ఉపకారవేతనాలను పునరుద్ధరించినప్పుడు అభ్యర్థుల ఎంపికలో విశ్వవిద్యాలయాలకు పాత్ర కల్పించారు. తెలుగు జిల్లాల్లో అధికభాగం అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలో ఉండేది కనుక తెలుగు విద్యార్థి సీమకు వెళ్లాలంటే ఆ విశ్వవిద్యాలయం ద్వారానే వెళ్లాలి.

కర్జన్ కాలంలో 1904లో వచ్చిన సాంకేతిక ఉపకారవేతనాలతో కొత్త ధోరణి మొదలైంది. ఏటా 150 పౌండ్ల ఈ వేతనం పరిశ్రమలకు పనికివచ్చే విద్యలకు ఉద్దేశించింది. మానవీయ శాస్త్రాలకు ఒక దారి, పారిశ్రామిక విద్యలకు మరొక దారి అన్న విభజన ప్రభుత్వ ఉపకారవేతనాల్లో ఇక్కడ స్పష్టమైంది.

నిజాం రాజ్యం ఈ విషయంలో వేరే మార్గంలో నడిచింది. హైదరాబాదులో పెరిగిన సరోజినీ చటోపాధ్యాయ 1895లో మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభువు మంజూరు చేసిన వేతనంతో ఇంగ్లండు వెళ్లి, లండన్ కింగ్స్ కళాశాలలో, ఆపై కేంబ్రిడ్జి గిర్టన్ కళాశాలలో చదివారు. పట్టా లేకుండానే 1898లో తిరిగివచ్చారు. పట్టాయే కొలమానమైతే ఆ ఖర్చు వృథా. కవయిత్రిగా, జాతీయోద్యమ నాయకురాలిగా సరోజినీ నాయుడు సాధించినదాన్ని చూస్తే మాత్రం ఆ మాట అనలేము. ఉపకారవేతన ఫలితాన్ని వెంటనే లెక్కకట్టడంలో ఉన్న ఇబ్బందికి ఇది తొలి ఉదాహరణ.

కట్టమంచి రామలింగారెడ్డి: ప్రభుత్వం పంపిన చరిత్ర విద్యార్థి

తెలుగు సాహిత్య విద్యార్థులకు మరింత సన్నిహితమైన ఉదాహరణ కట్టమంచి రామలింగారెడ్డి. చిత్తూరు సమీపంలోని కట్టమంచిలో 1880లో కలిగిన కుటుంబంలో జన్మించిన ఆయన, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుతుండగానే 1899లో 'ముసలమ్మ మరణం' కావ్యం రాశారు. 1902లో భారత ప్రభుత్వ ఉపకారవేతనం లభించింది. కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్ కళాశాలలో ఆయన చదివింది చరిత్ర. అక్కడి విద్యార్థుల చర్చావేదిక అయిన కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు.

ఈ చదువు తెలుగుకు ఏమిచ్చిందన్న ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నాయి. మొదటిది 1914లో వెలువడిన 'కవిత్వతత్త్వ విచారము'. పింగళి సూరన 'కళాపూర్ణోదయం' ఆధారంగా కావ్యనిర్మాణాన్ని, భావనాశక్తిని, ఔచిత్యాన్ని పరిశీలించిన ఈ గ్రంథం అలంకారాల పట్టికకు పరిమితమైన వ్యాఖ్యాన పద్ధతిని ప్రశ్నించింది. దాని తీర్పులతో ఏకీభవించనివారు కూడా దానికి జవాబు చెప్పక తప్పలేదు. సమకాలీన తెలుగు విమర్శ ఆ వాదప్రతివాదాల నుంచే బలం పుంజుకుంది. రెండో జవాబు ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు తరలిన ఆ సంస్థకు ఆయన తొలి ఉపకులపతి. సత్యాగ్రహోద్యమం మీద ప్రభుత్వ దమననీతికి నిరసనగా 1930లో రాజీనామా చేశారు. 1936లో తిరిగి ఆ పదవిలోకి వచ్చి 1949 వరకు కొనసాగారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. వలస ప్రభుత్వం తన ఖర్చుతో పంపిన విద్యార్థి ఆ ప్రభుత్వాన్నే నిరసిస్తూ పదవి వదులుకున్నారు. సాహిత్య విమర్శ రాయమని గాని, విశ్వవిద్యాలయం నిర్మించమని గాని ఆయనను ఎవరూ పంపలేదు. చరిత్ర చదవడానికి ఇచ్చిన స్వేచ్ఛ ఆ రెండు పనులకూ దారితీసింది. ఈ మాత్రం స్వేచ్ఛ ఇవ్వడానికి వలస ప్రభుత్వం సైతం వెనకాడలేదు. అయితే ఆ స్వేచ్ఛ అందినది అతి కొద్దిమందికి. ఆంగ్ల విద్యను కళాశాల స్థాయి దాకా కొనసాగించగలిగిన కుటుంబాలకే ఆ పోటీలో నిలిచే అవకాశం ఉండేది.

ఆ కొద్దిమందిలో చేరలేనివారికి దానధర్మాలే దిక్కు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల తొలినాళ్లలో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరగలిగింది ప్రభుత్వ వేతనంతో కాదు. మామగారి సహాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ ఆయనకు ఆసరా అయ్యాయి. బర్మాలో కష్టపడి ఆర్జించిన ఒక వ్యాపారి ఆస్తి, తర్వాతి తరంలో ఒక శాస్త్రవేత్తను సముద్రం దాటించింది. దాత దయ మీద ఆధారపడిన విద్యను పౌరుడి హక్కుగా మార్చడం ఎలా అన్న ప్రశ్న మాత్రం అప్పటికి మిగిలే ఉంది.

అంబేడ్కర్ కోరినది, అంబేడ్కర్ చదివినది

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో డా. బి. ఆర్. అంబేడ్కర్ ప్రముఖులు. ఆయనే ఒక ప్రభుత్వ ఉపకారవేతన గ్రహీత. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనం మంజూరు చేసి ఆయనను న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపింది. తిరిగివచ్చాక పదేళ్లు సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. అక్కడ ఆయన అర్థశాస్త్రం ప్రధానంగా, సమాజశాస్త్రం, చరిత్ర, మానవశాస్త్రం కూడా చదివారు. 1916 మే నెలలో మానవశాస్త్ర గోష్ఠిలో భారతదేశంలోని కులాల పుట్టుక, స్వరూపం గురించి పత్రం సమర్పించారు. కులం మీద ఆయన ఆలోచనకు అది తొలి రూపం. ఆయన పరిశోధన గ్రంథం బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామం గురించినది. దాన్ని బరోడా ప్రభువు సాయాజీరావు గైక్వాడ్‌కు అంకితమిచ్చారు.

వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా 1942 అక్టోబరులో ఆయన సమర్పించిన విజ్ఞప్తిపత్రం మరో కోణం చూపుతుంది. షెడ్యూల్డు కులాల విద్యార్థులు విజ్ఞాన, సాంకేతిక శాస్త్రాలు చదవడానికి దేశంలో ఏటా 2 లక్షల రూపాయలు, విదేశాల్లో చదవడానికి ఏటా 1 లక్ష రూపాయలు కేటాయించాలని అందులో కోరారు. ఖరీదైన ఈ చదువులు ప్రభుత్వ సహాయం లేకుండా అస్పృశ్య కుటుంబాలకు అందవన్నది ఆయన వాదన. ప్రభుత్వం 3 లక్షలు మంజూరు చేసింది. కొందరు విద్యార్థులు ఇంగ్లండుకు వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న దశలో, 1945లో, పునర్నిర్మాణ అవసరాల కోసం కేంద్ర ప్రభుత్వం విస్తృతమైన విదేశీ ఉపకారవేతన పథకం ప్రారంభించింది. స్వాతంత్ర్యానంతరం 1954–55లో షెడ్యూల్డు కులాలు, తెగలు తదితర వర్గాల కోసం జాతీయ విదేశీ ఉపకారవేతన పథకం అమలులోకి వచ్చింది.

దీన్నిబట్టి ఉపకారవేతనాల్లో విజ్ఞానశాస్త్రాలకు దక్కిన ప్రాధాన్యాన్ని కేవలం పాలకుల సంకుచితత్వంగా చెప్పడం సరికాదు. ఆ ప్రాధాన్యాన్ని అంబేడ్కర్ స్వయంగా కోరారు. ధనికుల సొత్తుగా ఉన్న ప్రయోగశాలలోకి దళిత విద్యార్థి అడుగుపెట్టాలన్నది ఆయన ఆకాంక్ష. కాని మూసివున్న ఒక తలుపును తెరవమని అడగడం వేరు, తెరిచివున్న మరొక తలుపును మూయడం వేరు. 1942 పత్రం మొదటి పని చేసింది. రెండో పని ఎనభై ఏళ్ల తర్వాత జరిగింది.

2022 నిబంధన

విజ్ఞాన, సాంకేతిక విద్యలకు ప్రాధాన్యమిస్తూ వచ్చిన జాతీయ విదేశీ ఉపకారవేతన పథకం క్రమంగా సామాజిక, మానవీయ శాస్త్రాలను కూడా చేర్చుకుంది. 2022లో కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ ఈ పథకపు మార్గదర్శకాలను సవరించింది. వాటి ప్రకారం ఏటా 125 మందికి అవకాశం ఉంది. ఇందులో 115 షెడ్యూల్డు కులాలవారికి, 6 సంచార, అర్ధసంచార, విముక్త జాతులవారికి, 4 భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు కేటాయించారు. 30 శాతం స్థానాలు మహిళలకు ఉద్దేశించారు. కుటుంబ వార్షికాదాయం 8 లక్షలకు, అభ్యర్థి వయస్సు 35 ఏళ్లకు మించరాదు. సామాజిక దృష్టితో చూస్తే ఇది 1886 నాటి ఏర్పాటుకు అందనంత ఎత్తులో ఉంది.

అయితే అదే సవరణలో మరో నిబంధన చేరింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం ఆధారంగా చేసే సామాజిక అధ్యయనాలు ఈ పథకం పరిధిలోకి రావని అది పేర్కొంది. ఇలాంటి అంశాలకు దేశంలోనే వనరులు, నిపుణులు ఉన్నారు కనుక విదేశాలకు పంపనవసరం లేదన్నది దీనికి సమర్థన. ఈ నిబంధన 1913లో ఉండివుంటే, కులాల పుట్టుక గురించి కొలంబియాలో రాయదలచిన విద్యార్థి దరఖాస్తు దశలోనే ఆగిపోయేవారు. ఆ విద్యార్థి పుట్టిన సామాజిక వర్గాల కోసం ఏర్పడిన పథకంలోనే ఈ నిబంధన చేరడం ఆలోచించదగిన విషయం.

రాష్ట్ర పథకాల చరిత్ర కొంత భిన్నం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2013లో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధిని ప్రారంభించింది. ఇంజనీరింగు, వైద్యం, వ్యవసాయ శాస్త్రాలతో పాటు సామాజిక, మానవీయ శాస్త్రాలకు కూడా ఇందులో చోటు ఉంది. విభజన తర్వాత తెలంగాణ ఈ విద్యానిధిని కొనసాగిస్తూ, మైనారిటీలకు, వెనుకబడిన తరగతులకు ఇలాంటి పథకాలనే విస్తరించి, సహాయాన్ని 20 లక్షల రూపాయలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ప్రకటించిన జగనన్న విదేశీ విద్యాదీవెన పథకం క్యూఎస్ ర్యాంకుల్లో మొదటి 100 విశ్వవిద్యాలయాల్లో సీటు వస్తే పూర్తి బోధనా రుసుమును, 101 నుంచి 200 వరకు ఉన్నవాటికి 50 లక్షల వరకు సహాయాన్ని ప్రతిపాదించింది. తర్వాత ఈ అర్హతలను సవరించారు.

రాష్ట్ర పథకాల్లో మానవీయ శాస్త్రాలకు కాగితం మీద తలుపు తెరిచే ఉంది. కాని సహాయానికి పరిమితి ఉన్నచోట మిగిలిన ఖర్చును అప్పుతో పూడ్చాలి. అప్పు తీర్చవలసిన కుటుంబం త్వరగా ఉద్యోగం తెచ్చే చదువునే ఎంచుకుంటుంది. ర్యాంకు కొలమానమూ ఇలాంటిదే. విశ్వవిద్యాలయం మొత్తానికి వచ్చే ర్యాంకును బట్టి అక్కడ తెలుగు గురించి, దక్షిణ భారత చరిత్ర గురించి ఎంత లోతైన బోధన ఉందో తెలియదు. నిషేధం లేకుండానే ఎంపిక ఇరుకవుతుంది.

తెలుగు చరిత్ర ఆధారాలు ఎక్కడున్నాయి?

భారతీయ చరిత్ర చదవడానికి విదేశం ఎందుకన్న ప్రశ్నను తెలుగు పరిశోధకుడు తేలిగ్గా తీసుకోలేడు. అందులో కొంత నిజముంది. పంచదార్ల శాసనాలు పంచదార్లలోనే ఉన్నాయి. వాటిని చదవడానికి ఆ స్తంభాల దగ్గరకే వెళ్లాలి. అయితే తెలుగు చరిత్ర ఆధారాలన్నీ తెలుగునేల మీద లేవు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన అమరావతి శిల్పాల్లో ప్రధాన భాగం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కాలిన్ మెకంజీ సేకరించిన సామగ్రిలో కైఫియత్తులు మద్రాసులో మిగలగా, అనువాదాలు, పటాలు, చిత్రాలు గణనీయంగా లండన్ చేరాయి. తెలుగు జిల్లాల పాలన గురించి ఈస్టిండియా కంపెనీ నడిపిన ఉత్తరప్రత్యుత్తరాలు బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నాయి. వీటిని ఇంకొకరు చదివి చెప్పినదాన్ని చదవడం, స్వయంగా చూసి చదవడం ఒకటి కావు.

ఆధారాలతో పాటు పద్ధతి కూడా ముఖ్యం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొందారు. తెలుగు ధాతువుల మీద ఆయన చేసిన ఆ పరిశోధన 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడి, ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనంలో ప్రామాణిక గ్రంథమైంది. ధాతువులు తెలుగువి, పద్ధతి ఆధునిక భాషాశాస్త్రానిది. విషయం స్వదేశానిదైనంత మాత్రాన విదేశంలో నేర్చుకోవలసింది లేదన్న వాదాన్ని ఈ ఒక్క గ్రంథమే ఖండిస్తుంది.

ఇదే ప్రభుత్వ విధానంలో మరో పార్శ్వం కూడా ఉంది. 1950లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ స్థాపించిన భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలి విదేశీ విద్యార్థులకు ఉపకారవేతనాలిచ్చి ఇక్కడికి ఆహ్వానిస్తుంది. ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుతూ విశాఖపట్నంలో నివసించడం నేడు సాధారణ దృశ్యం. ఆ మండలి వేతనాల్లో భారతీయ సంగీత నృత్యాలకు ప్రత్యేక స్థానం ఉంది. అంటే భారతీయ సంస్కృతి అధ్యయనం సరిహద్దులు దాటవలసిన విషయమేనని అక్కడ ప్రభుత్వం అంగీకరించింది. విదేశీయుడు ఇక్కడికి వచ్చి మన సంస్కృతిని నేర్చుకోవడం ప్రజాధనంతో ప్రోత్సహించదగినదైతే, ఇక్కడి దళిత విద్యార్థి ఆ సంస్కృతినే విదేశీ గ్రంథాలయంలో పరిశీలించడం ఎందుకు కాకూడదన్న ప్రశ్నకు మార్గదర్శకాల్లో జవాబు కనిపించదు.

ముగింపు

గురజాడ సముద్రం దాటలేదు కదా, అయినా తెలుగు సాహిత్యానికి ఆధునికతను తెచ్చారు కదా అని వాదించవచ్చు. అయితే విజయనగర సంస్థానం కల్పించిన ఆదరణ, అవకాశాలు ఆయనకు అండగా ఉన్నాయి. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వాడుక భాషను సమర్థిస్తూ అసమ్మతి పత్రం రాసేనాటికి ఆయన ఇంగ్లీషు, ఇతర యూరోపు భాషల పరిణామాన్ని పుస్తకాల ద్వారా తెలుసుకొని ఉన్నారు. ప్రపంచం ఆయన దగ్గరకు వచ్చింది. ఎలమంచిలి పరిసరాల్లోని ఒక వ్యవసాయ కూలీ ఇంటికి ప్రపంచం అలా నడిచి రాదు. ఆ ఇంటి పిల్లలు ప్రపంచం దగ్గరకు వెళ్లాలంటే ప్రభుత్వ ఉపకారవేతనమే దారి.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, విదేశవిద్యకు ప్రభుత్వ సహాయం కొద్దిమంది నుంచి అణగారిన వర్గాల దాకా విస్తరించడం సుదీర్ఘ పోరాట ఫలితం, నిస్సందేహంగా ప్రగతి. రెండు, మానవీయ శాస్త్రాల మీద పెట్టిన ఖర్చుకు ఫలితం వెంటనే కనిపించకపోయినా, రామలింగారెడ్డి, సరోజినీ నాయుడు, అంబేడ్కర్‌ల జీవితాలు చూపినట్లు, అది సమాజాన్ని, సంస్థలను, ఆలోచనను మలిచింది. మూడు, అవకాశం దళిత, సంచార, కూలీ కుటుంబాలకు చేరిన తరుణంలో తమ సమాజాన్ని, తమ చరిత్రను పరిశోధించే స్వేచ్ఛ దానినుంచి తొలగిపోయింది. ఇంజనీరింగు చదవదలచిన ఎలమంచిలి విద్యార్థికి ఆ పథకంలో దారి ఉంది. తన ఊరి చాళుక్య శాసనాల్లో దాన గ్రహీతలెవరో, ఆ పొలాలు దున్నినవారెవరో విదేశీ విశ్వవిద్యాలయంలో పరిశోధించదలచిన విద్యార్థికి లేదు.

1902లో ఒక సంపన్న విద్యార్థికి చరిత్ర చదవడానికి అవకాశం ఇచ్చిన ఫలితాన్ని తెలుగు శాఖలు ఇప్పటికీ అనుభవిస్తున్నాయి. ఆ అవకాశాన్నే నేటి పేద విద్యార్థికి నిరాకరిస్తే కలిగే నష్టం వెంటనే కనబడదు. రాయకుండా మిగిలిపోయిన గ్రంథాలను ఏ గ్రంథసూచీ నమోదు చేయదు. అందువల్ల 2022 నాటి విషయ నిషేధాన్ని తొలగించాలని, రాష్ట్ర పథకాల్లో భాషా సాహిత్య చరిత్ర పరిశోధనలకు కొన్ని స్థానాలు ప్రత్యేకించాలని, వాటి విషయంలో మొత్తం ర్యాంకుకు బదులు ఆయా శాఖల బోధనా, గ్రంథాలయ సామర్థ్యాన్ని ప్రమాణంగా తీసుకోవాలని కోరవలసిన బాధ్యత మొదటగా విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలదే.